ఆ కుప్ప మాది కాదు

పెళ్లిపత్రిక రాసింది పేతురు. నోటీసు వచ్చింది ఆయన కూతురు షెకీనాకి. ఇద్దరూ ఉండేది పద్మారావు నగర్‌లో ఒకే ఇంట్లో, తినేది ఒకే గిన్నెలో వండిన అన్నం. అయినా ఇంటర్నెట్ దగ్గరికొచ్చేసరికి తండ్రిది ఒక ఊరు, కూతురిది ఇంకో ఊరు. ఈ తిరకాసేమిటో ముందు తెలియాలి, లేకపోతే కథ నడవదు.

షెకీనా ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, కోపం మాత్రం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. కాలనీకి నీళ్లు రావడం లేదని పెద్ద కంపెనీల యాప్‌లో మొత్తుకుంటే, ఆ మొర కిందికి తొక్కేసి దాని నెత్తిన బంగారం కొట్టు ప్రకటన చూపించారు. ఆమెకు ఒళ్లు మండింది. స్కూలు వాళ్లు పారేసిన పాత కంప్యూటరు ఒకటి ఆటోలో ఇంటికి తెచ్చుకుంది, ఫ్రిజ్ మీద పెట్టింది, అందులో కాలనీవాళ్లు రాసుకోవడానికి సొంతంగా ఒక సర్వర్ నడపడం మొదలుపెట్టింది. బన్సీలాల్‌పేట్ మెట్లబావిని తలచుకుని దానికి 'బావికాడ' అని పేరు పెట్టింది. పేరు చూసి బన్సీలాల్‌పేట్ వాళ్లూ చేరారు.

ఇలాంటి సర్వర్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. అన్నిటికీ కలిపి యజమాని అంటూ ఎవడూ లేడు. ఒక కంపెనీ కట్టి అద్దెకిచ్చిన అపార్ట్‌మెంటు కాదిది, ఎవరిల్లు వాళ్లు కట్టుకున్న వీధి. కాకపోతే ఒక ఇంట్లో అన్న మాట ఇంకో ఇంట్లో వినపడుతుంది. అక్కడివాళ్లెవరికైనా నచ్చితే ఆ మాట నకలు ఒకటి వచ్చి వాళ్లింట్లో కూర్చుంటుంది.

పేతురు కూతురి సర్వర్లో చేరలేదు. "ఇంట్లో నీ పెత్తనం చాలదా షెకీ? ఫోన్ల సుత నీ కిందనేనా?" అని, వైజాగ్‌లో ఎవరో ఇంజినీరింగ్ పిల్లలు నడిపే సర్వర్లో 'సీసపు అక్షరం' అనే పేరుతో చేరాడు. ఉద్యోగమంతా రాణీగంజ్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేసిన మనిషి. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు కానీ, శుభలేఖలో వినాయకుడి బొమ్మ ఎక్కడ పడాలో, 'శ్రీరస్తు' ఎంత లావు అక్షరాల్లో ఉండాలో ఆయన్ని అడగాల్సిందే.

ఆ చేతి దురదే కొంప ముంచింది. వీధి చివర నరసరాజుగారి ఫంక్షన్ హాలు ఉంది. భార్య పేరు మీద 'సీతామహాలక్ష్మి కన్వెన్షన్' అని బోర్డు. ప్రతి పెళ్లి తెల్లారాక ఎంగిలంతా ట్రాన్స్‌ఫార్మర్ పక్కకి చేరుతుంది. చెప్పినవాళ్లంతా చెప్పారు, విన్నవాడు లేడు. పేతురు ఆ కుప్పని ఫోటో తీసి, కింద పద్ధతిగా ఇలా కంపోజు చేశాడు:

'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు. చి.ల.సౌ. మురికికాలువను చి. ఎంగిలి విస్తరాకుకిచ్చి ట్రాన్స్‌ఫార్మర్ సన్నిధిని వివాహము జరిపించుటకు సీతామహాలక్ష్మి కన్వెన్షన్ వారు నిశ్చయించినారు. కావున తామెల్లరు ముక్కులు మూసుకొని సకుటుంబముగా విచ్చేసి, దోమలు సమర్పించు జ్వర తాంబూలాదులు స్వీకరించ ప్రార్థన. విందు: కుక్కల పంక్తి ముందు. బహుమతులు: నల్ల కవర్లలో మాత్రమే. బంధుమిత్రుల అభినందనలతో, ఈగలు.'

దాన్ని వైజాగ్ సర్వర్లో పెట్టాడు. 'బావికాడ'లో ఉన్న పక్కింటి కాంతమణి దాన్ని చూసి షేర్ చేసింది. సాయంత్రానికి పద్మారావు నగరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు నరసరాజు వచ్చాడు, వెంట లాయరు హేమచంద్ర, అంటే ఆయన భార్య తమ్ముడు.

నరసరాజు చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. ఎంత కోపంలోనైనా మర్యాద తప్పే మనిషి కాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది, ఎదుటివాళ్లకి తిట్టడానికి సందివ్వడు.

"రండి రాజుగారూ. టీ తాగుతారా?" అంది షెకీనా.

"టీ తరవాతండి. ముందు పెళ్లి సంగతి చూద్దాం."

హేమచంద్ర ఫోను తీసి, కోర్టులో వాంగ్మూలం చదివినట్టు చదివాడు. "'కావున తామెల్లరు ముక్కులు మూసుకొని విచ్చేసి...'"

"'సకుటుంబముగా' వదిలేసిన్రు సార్," అన్నాడు మూల కుర్చీలోంచి పేతురు.

షెకీనా చూపుతోనే తండ్రి నోరు నొక్కింది. హేమచంద్ర కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "మీరూ చదివారన్నమాట."

"ఊరంతా చదివింది సార్, నేను చదవకుంటే బాగుంటదా? శుభలేఖల ఆ ముక్క లేకుంటే చుట్టాలు అలుగుతరు."

"రాసినవాడెవడో చెప్పండి, లేదా తీసేయండి," అన్నాడు హేమచంద్ర షెకీనాతో.

"రాసింది మా సర్వర్లో కాదండి. వైజాగ్ పిల్లల సర్వర్లో. ఇక్కడున్నది నకలు. నేను తీసినా అసలు అక్కడే ఉంటుంది."

"ఆ వైజాగ్ వాళ్ల ఓనరు మీరేగా?"

"కాదు. వాళ్లకి నేను ఓనర్ని కాను, నాకు ఇంకెవరూ ఓనరు కారు."

నరసరాజు నిజంగానే బాధపడ్డాడు. "ఓనరు లేకుండా ఎలా నడుస్తుందండి ఇదంతా? కనీసం ప్రెసిడెంటు కూడా లేడా?"

"అవన్నీ అనవసరం బావగారూ," అన్నాడు హేమచంద్ర. "వైజాగ్ వాళ్లు మనకి దొరకరు. ఈవిడ దొరికింది. ఈవిడ ఫ్రిజ్ కూడా దొరికింది."

షెకీనా తగ్గలేదు. "నేను మధ్యవర్తిని సార్. వేరేవాళ్లు రాసినదానికి మధ్యవర్తిని పట్టుకోవద్దని చట్టంలోనే ఉంది. కోర్టు ఆర్డరు తెండి, ఆ రోజే తీసేస్తా."

"భలే, సగం చదివారు. మిగతా సగం నేను చెప్తాను. ఆ రక్షణ ఉత్తపుణ్యానికి ఇవ్వరు. ఫిర్యాదుల అధికారి అని ఒకరుండాలి. వారి పేరు, నంబరు పైకి కనపడాలి. ఫిర్యాదొస్తే అందిందని ఒక రోజులో చెప్పాలి, గడువులోగా తేల్చాలి. మీ అధికారి ఎవరండి?"

షెకీనా ఫ్రిజ్ వైపు చూసింది. ఫ్రిజ్ గుర్రుమంది.

"లేరు కదా? అయితే మీరు మధ్యవర్తి కాదు. ఎవడేం రాసినా మీరు రాసినట్టే. ఇదిగో నోటీసు. వచ్చే వారంలో అధికారిని పెట్టి మా ఫిర్యాదు తేల్చారా, సరే. లేదా నేను కోర్టుకి వెళ్తాను. ఒక కాపీ మీ స్కూలు యాజమాన్యానికి కూడా."

స్కూలు మాట వినేసరికి షెకీనా చెయ్యి చాచి నోటీసు తీసుకుంది. కేసు అనే మాట వినపడితే చాలు, ఆ యాజమాన్యం టీచర్ని గేటు దాటిస్తుంది. వాళ్లకి కావలసింది నిజం కాదు, అడ్మిషన్లు.

వాళ్లు వెళ్లాక పేతురు లేచాడు. "నేనే రాసినా అని చెప్పొస్తా."

"చెప్తే నా కేసు పోదు డాడీ, నీది ఇంకోటి వస్తది. కూర్చో."

"పోనీ తీసెయ్. ఇంకోటి కంపోజు చేస్తా."

"ఇవాళ ఇది తీస్తే, రేపు ట్యాంకరు గురించి రాసింది తీయమంటారు, ఎల్లుండి మైకుల గోల గురించి రాసింది. ఇంకేం మిగుల్తది? నీ పప్పన్నం ఫోటోలా?"

"మరి అధికారి అని నీ పేరే పెట్టుకో, అయిపాయె."

"పెట్టుకుంటే రాజుగారు రోజుకో ఫిర్యాదు నా నెత్తిన పడేస్తారు." అంటూనే షెకీనా ఆగింది. మొహంలోకి నవ్వు వచ్చింది, అంత మంచిది కాని రకం నవ్వు. "ఆయన నెత్తినే పెడితే?"

నరసరాజుకి హోదా అంటే కొందరికి చుట్ట ఎంతో అంత. కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు, గణేశ్ మండపానికి గౌరవ సలహాదారు, ఉదయపు నడక బృందానికి వ్యవస్థాపక కన్వీనరు. ఆయన విజిటింగ్ కార్డు మడతపెడితే గానీ జేబులో పట్టదు. హేమచంద్ర ఉంటే ఒక కన్నేసి ఉండేవాడు. అదృష్టం కొద్దీ ఆయన ఏదో కేసు మీద రాజమండ్రి వెళ్లాడు.

ఆదివారం సంఘం మీటింగులో షెకీనా లేచి చెప్పింది. "బావికాడకి ఫిర్యాదుల ప్రధానాధికారి కావాలి. జీతం లేదు. పేరు, ఫోటో మొదటి పేజీలో పైనే ఉంటాయి. ఏది ఉంచాలో ఏది తీయాలో వారి మాటే చివరిది. ఏది తీసినా కారణం రాయాలి, ఆ కారణం అందరికీ కనపడుతుంది. దాన్ని నేను కూడా చెరపను. చెరపాలంటే మళ్లీ అధికారికే ఫిర్యాదు పెట్టుకోవాలి."

ఏ మెలికా దాచలేదు. ఉన్నదున్నట్టే చెప్పింది. జనం వినేది హోదా పేరు వరకేనని ఆమెకు తెలుసు.

వెనక నుంచి బన్సీలాల్‌పేట్ టెంట్ హౌస్ రాజేందర్ చెయ్యెత్తాడు. "గంతేనా? నేనుంట. జెర ఫోటో మంచిగ పెట్టుండ్రి, ఎనక మా టెంట్ హౌస్ బోర్డు సుత పడాలె."

నరసరాజు కుర్చీలో కదిలాడు. "ఆగండాగండి రాజేందర్ గారూ. ఇది రాతకోతలతో పనండి. ఉత్తర్వులు జారీ చెయ్యాలి."

"ఏందీ రాజుగారు, నాకు రాయరాదా? గిట్ల ప్రతి కుర్చీ మీరే పట్టుకుంటే మేమెప్పుడు కూసోవాలె?"

"కుర్చీలు అద్దెకిచ్చేదే మీరు కదండి. మీకు కరువేంటి?"

హాలంతా గొల్లుమంది. చేతులెత్తమన్నారు, ఎత్తారు, నరసరాజు గెలిచాడు. "తీస్కోండ్రి, నాకేం పరేషాన్ లేదు," అని రాజేందర్ పరేషాన్‌గానే కూర్చున్నాడు.

మీటింగయ్యాక నరసరాజు షెకీనా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నేను పెట్టిన ఫిర్యాదు ఎవరి ముందుకి వస్తుందండి?"

"మీ ముందుకే అండి."

తన పరీక్ష పేపరు తననే దిద్దుకోమన్న పిల్లాడిలా వెలిగిపోయిందాయన మొహం.

మర్నాడే రబ్బరు స్టాంపు చేయించాడు. స్క్రీన్ మీద స్టాంపు ఎలా వేస్తారని అడిగి, కాగితం మీద వేసి ఫోటో తీసి పెట్టడం నేర్చుకున్నాడు. శుభలేఖని మాత్రం ముట్టుకోలేదు. శుక్రవారం మంచి రోజని, దాన్ని అప్పుడు తీస్తానని, ఈలోపు చెయ్యి అలవాటు చేసుకుంటున్నానని చెప్పాడు.

మొదటి ఫోను కాంతమణిది. "అన్నయ్యగారూ, నా పప్పుచారు ఫోటో కింద ఎవరో 'మొత్తానికి ట్యాంకరు వచ్చిందన్నమాట' అని రాశారండి!"

"ఛ, ఎంత మాటండి. ఇప్పుడే తీసేస్తాను." తీసేశాడు. 'కారణం: ఆడపడుచు వంటను కించపరచుట.' స్టాంపు.

ఆ ఒక్క స్టాంపుతో రుచి మరిగాడు. ట్యాంకరు రాలేదని రాస్తే తీసేశాడు: 'కాలనీ పరువుకు భంగకరము.' పెళ్లి మైకుల వల్ల పిల్లలు చదవలేకపోతున్నారంటే తీసేశాడు: 'శుభకార్యము పట్ల అసూయ.' తిరుమలగిరి బస్సు ఆలస్యంగా వస్తోందంటే, 'మన పరిధి కాదు' అని అదీ తీసేశాడు. గురువారానికి 'బావికాడ'లో శుభోదయాలు, పప్పుచార్లు, స్టాంపులు తప్ప ఏమీ మిగల్లేదు. జనం ఒక్కొక్కరే లేచి వేరే సర్వర్లకి పోవడం మొదలుపెట్టారు.

షెకీనా ఫోను చేసింది. "రాజుగారూ, నీళ్లు రాలేదని రాస్తే అందులో తప్పేముందండి?"

"తప్పేం లేదండి. వినసొంపుగా లేదు."

ఫోను పెట్టేసి నుదురు కొట్టుకుంది. కంపెనీల మీద కోపంతో కట్టుకున్న ఇల్లు, కోర్టు కూలగొట్టేలోపు తానే ఒక తలకుమాసిన ఉపాయంతో కూలగొట్టుకుంటోంది. ఆయన్ని దించేద్దామంటే అధికారి లేకుండా పోతాడు, హేమచంద్ర కోర్టుకెక్కుతాడు, స్కూలు గేటు మూసుకుంటుంది. ఉంచుదామంటే సర్వర్లో ఈగలు కూడా మిగలవు.

"ఇదేనా బిడ్డా నీ తెలివి?" అన్నాడు పేతురు. ఆయన బాధ వేరు. శుక్రవారం తన పత్రిక పోతుంది.

శుక్రవారం నరసరాజు పూజ చేసుకున్నాడు, ఫలహారం చేశాడు, ఉత్తర్వు రాశాడు. మిగతావాటికి ఒక్కో ముక్క రాసిన మనిషి, దీనికి మనసు పెట్టి రాశాడు:

'బావికాడ ఫిర్యాదుల ప్రధానాధికారి వారి ఉత్తర్వు. ఫిర్యాదుదారు: శ్రీ నరసరాజు గారు, ప్రముఖులు. సదరు ఫిర్యాదును నిష్పక్షపాతముగా పరిశీలించడమైనది. ఫోటోలోని కుప్ప మా హాలు వారిది కాదు. అది మా హాలులో వంట చేయు కేటరింగు వారిది. మా హాలు వారి సొంత కుప్ప దానికి ఎడమ ప్రక్కన, ఇస్త్రీ బండి వెనుక గలదు. అది దీనికంటె పెద్దది. కావున ఈ ఫోటో ప్రజలను తప్పుదోవ పట్టించుచున్నందున తొలగించడమైనది.' కింద సంతకం, హోదాలన్నీ, స్టాంపు.

షెకీనా స్టాఫ్ రూములో చదివింది. రెండోసారి చదివింది. నోట్లో ఉన్న టీ ముక్కులోంచి వచ్చింది.

మధ్యాహ్నానికల్లా రాజేందర్ ఇస్త్రీ బండి వెనక నిలబడి ఫోటో తీశాడు. తాడేసి కొలిచాడు కూడా. కింద రాశాడు: 'రాజుగారు చెప్పిన్రని పోయి చూసిన. ఆయన అబద్ధమాడలే. పెద్దదే.'

దాని మీద ఎవరో కావాలనే ఫిర్యాదు పెట్టారు, ఈ ఫోటో నిజమేనా తేల్చండని. అధికారి తేల్చాలి కదా. తేల్చాడు. 'ఈ ఫోటో సరియైనది. ఉంచవచ్చును.' స్టాంపు.

ఇక పోయినవాళ్లంతా ఉత్తర్వులు చదవడానికి తిరిగొచ్చారు. వైజాగ్ పిల్లలు ఆ ఉత్తర్వుని నకలు తీసుకుని వాళ్ల వీధంతా తిప్పారు. వాళ్లింట్లోంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి ఎక్కడికో. సాయంత్రం మున్సిపాలిటీ వాళ్లు ఫోను చేతిలో పట్టుకుని హాలు గేటు దగ్గరికొచ్చారు. "అధికారిగారు రాసిన్రు గదా, రెండో కుప్ప ఏడుందో జెర చూపిస్తరా?" అని మర్యాదగా అడిగారు. మర్యాదగా అడిగితే నరసరాజు కాదనలేడు. చూపించాడు. లారీ రెండు కుప్పలూ ఎత్తుకుపోయింది, హాలుకి నోటీసు ఒకటి అంటించి పోయింది.

హేమచంద్ర రాజమండ్రి నుంచి దిగి, బ్యాగుతో సహా నేరుగా షెకీనా ఇంటికొచ్చాడు. మనిషి మొహం మాడిపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడి బావగారికి ఫోను కలిపాడు, స్పీకరు ఆపడం కూడా మరిచిపోయాడు.

"బావగారూ, రెండో కుప్ప సంగతి ఎవరడిగారండి మిమ్మల్ని?"

"ఎవరో అడగాలేంటయ్యా? అధికారి అన్నాక నిజం రాయొద్దూ? కేటరింగు వాడి కుప్ప తెచ్చి మనదంటే ఎలా ఊరుకుంటాం? మనదాంట్లో సగం లేదది!"

హేమచంద్ర ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, ఆ ఉత్తర్వు తీసెయ్యండి. మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు నేను పరువునష్టం కేసు వేస్తే, మీ లాయరు ముందు చదివేది ఇదే. పైగా అధికారి కనక ప్రతివాదుల్లో మా బావగారి పేరు కూడా రాయాలి. బావగారి తరఫున బావగారి మీద ఎలా వెయ్యనండి?"

"నేను తీయలేనండి," అంది షెకీనా. మొహం సీరియస్‌గా పెట్టడానికి చాలా కష్టపడింది. "అధికారికి ఫిర్యాదు పెట్టండి. చట్టం మీరు చెప్పిందే కదా."

"ఆయనకే?"

"ఆయనకే."

లాయరు కాసేపు ఫ్రిజ్‌ని చూశాడు. ఆ తర్వాత బొటనవేళ్లతో ఫోన్లో కొట్టడం మొదలుపెట్టాడు. పేతురు కుర్చీ దగ్గరికి జరుపుకుని భుజం మీదుగా చూశాడు.

"'ప్రతిష్ట'కి ఠ వత్తు సార్, ట కాదు."

"థాంక్సండి."

"'గౌరవనీయులైన' తర్వాత కామా అక్కర్లే."

హేమచంద్ర వేళ్లు ఆగాయి. తల మెల్లగా తిప్పి పేతురు వైపు చూశాడు. పేతురు పైకప్పు వైపు చూశాడు. షెకీనా వెళ్లి పొయ్యి మీద టీ పెట్టొచ్చింది. ఇప్పుడు పేరు దొరికినా ఏం చేసుకుంటాడు? కుప్ప ఉందని ఒప్పుకున్నది పేతురు కాదు. లాయరు కూడా ఆ లెక్కే వేసుకున్నట్టున్నాడు. కామా తీసేసి ఫిర్యాదు పంపేశాడు.

టీ వచ్చేలోపు ఫోను మోగింది. హేమచంద్ర చదివాడు, మళ్లీ చదివాడు, షెకీనా చేతికిచ్చాడు.

'మీ ఫిర్యాదు అందినది. పరిశీలించి తిరస్కరించడమైనది. కారణం: ఫిర్యాదుదారు అధికారి వారికి స్వయాన బావమరిది. ఈ కార్యాలయమున బంధుప్రీతికి తావు లేదు.' స్టాంపు.

హేమచంద్ర టీ తాగాడు. తాను పోయినసారి ఇచ్చిన నోటీసు అడిగి తీసుకున్నాడు. నిలువునా చింపాడు, అడ్డంగా చింపాడు. చింపిన ముక్కలు ఎక్కడ పడేయాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

"చెత్తబుట్ట వంటింట్లో ఉంది సార్," అంది షెకీనా.